మూడు కాపీల మాస్టారు

ఎప్పుడో టైపు నేర్పిన పుణ్యానికి ఆయన్ను ఇప్పటికీ అందరూ మాస్టారనే పిలుస్తారు. నేర్చుకునేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మేడమీద ఒక గది, ఒక కంప్యూటరు, కొట్టినప్పుడల్లా కర్రుకర్రుమని అరిచే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, అదే ఆయన సామ్రాజ్యం. భార్య పోయి నాలుగేళ్లయింది.

మొన్న ఆ కంప్యూటరు కాస్తా చచ్చి ఊరుకుంది. కంప్యూటర్ల షాపు నడిపే మేనకోడలు కొత్తది తెచ్చి బిగించింది. తీరా చూస్తే, పాత ప్రింటరు వైరు గుచ్చడానికి దానికి చోటే లేదు!

"దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం మావయ్యా. రిబ్బన్లు కూడా దొరికి చావడంలేదు. కొత్త ప్రింటరు తీసుకో. అసలైతే కాగితాలు ఫోన్‌లో పంపేస్తే సరిపోతుంది, ఎవరూ మెట్లెక్కి రానక్కర్లేదు" అంది.

ఆ ఆఖరి మాటే మాస్టారికి మింగుడుపడలేదు. ఎందుకంటే రోజు మొత్తంలో ఆ మెట్లెక్కి వచ్చేది ఒకే ఒక్కడు, లారీ ఆఫీసు గుమాస్తా. బిల్లు కాగితాల మధ్య కార్బన్లు సర్ది, మూడు కాపీలు ఒక్క దెబ్బకు కొట్టాలి. సిరా చల్లే కొత్త ప్రింటర్ల వల్ల అయ్యే పని కాదది. కొట్టే ఆ పావుగంటా గుమాస్తా స్టూలు మీద కూర్చుని తన ఓనర్ని, తన అల్లుడిని వరసపెట్టి తిడతాడు. మాస్టారు ఊ కొడతారు. రోజుకు ఆయన నోరు తెరిచేది ఆ కాసేపే.

"రేపు చెబుతాలేవే" అని మేనకోడల్ని పంపించేశారు.

సాయంత్రం గుమాస్తా ఆయాసపడుతూ వచ్చాడు. మాస్టారు సంగతంతా చెప్పి, "కొత్తదానికి కార్బన్ కాపీలు రావయ్యా. ఎలాగోలా పాతదే ఉంచేయనా?" అని బతిమాలుతున్నట్టే అడిగారు.

"ఉంచడం దేనికండీ? ఇప్పుడు మూడు కాపీలు ఎవరడుగుతున్నారు? నెల్లాళ్లుగా మాకు ఒకటి చాలు. రెండు పారేస్తున్నా."

"మరి చెప్పవేం?"

"మీరంత శ్రద్ధగా కార్బన్లు సర్దుతుంటే ఎలా చెప్పనండీ? పోనీ, రేపట్నుంచి ఫోన్‌లో పంపేయండి. నా మోకాళ్లకు మీ మెట్లు తప్పుతాయి."

సరే అంటే ఇక ఈ గదిలోకి ఎవరొస్తారు? ముప్ఫై ఏళ్లుగా కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి, పచ్చి అబద్ధం ఆడేశారు.

"ఫోన్‌లో పంపడం నాకు రాదయ్యా."

గుమాస్తా ఫక్కున నవ్వబోయాడు. తనకు ఫోన్‌లో ఫొటోలు పంపడం నేర్పిందే ఈయన! అంతలో మాస్టారి మొహం చూసి ఆగిపోయాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందేంటి?"

"నా బుర్రకి చాన్నాళ్లే పడుతుంది."

"అయితే అందాకా నేనే వస్తాలెండి."

మాస్టారు అతని ముందే ఫోన్ తీసి మేనకోడలికి చెప్పారు. "అమ్మాయ్, కొత్త ప్రింటరే తీసుకురా. పాతది పట్టుకుపో, దాంతో నాకిక పనిలేదు."