మడత తుపాకీకి గలీబు

మా మామ్మ అచ్చమ్మకి భయం అంటే ఏమిటో ఆ పెట్టె ఇంటికి వచ్చేదాకా తెలియదు. పెరట్లో తాచుపాము కనిపిస్తే "కాస్త పక్కకి జరగండి బాబూ, బట్టలు ఆరేసుకోవాలి" అని దాన్ని గెడకర్రతో అవతలికి నెట్టేసే మనిషి. గోదావరి పొంగి మా వీధిలో పడవలు తిరిగిన ఏడు, అందరం మేడ మీద కూర్చుని ఏడుస్తుంటే, ఆవిడ నడుంలోతు నీళ్ళలోకి దిగి ఊరగాయ జాడీలు ఒక్కొక్కటీ పైకి మోసుకొచ్చింది. మూత తీసి చూసి, "ఆవకాయ బాగానే ఉంది, మీకేం వచ్చిందర్రా ఏడవడానికి?" అంది.

అలాంటి మనిషి, తాతయ్య భోజనాల బల్ల మీద తెరిచిన పెట్టెలోకి తొంగిచూసి వెనక్కి తగ్గింది. చేతిలో కొబ్బరి తురుము పళ్ళెం ఉంటే దాన్ని గుండెకి అడ్డం పెట్టుకుంది.

మా ఇంటికి తుపాకీ కొత్త కాదు. ముత్తాతగారి జోడుగొట్టాల తుపాకీ ఒకటి హాల్లో గోడకి వేలాడుతూ ఉండేది. దాని లైసెన్సు కాగితాలు మార్పించడమే గానీ అది పేలగా చూసినవాళ్ళు లేరు. ఒకసారి గొట్టంలో కందిరీగలు గూడు పెట్టాయి. పండగలకి మామ్మ గడియారంతో పాటు దాని దుమ్మూ దులిపేది. తాతయ్య సూర్యప్రకాశరావు దాన్ని వదిలించుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి ఏవో అనుమతులు తెచ్చుకుని, ఈ కొత్తది కొన్నాడు. స్పంజిలో పడుకుని ఉంది. నిలువెల్లా నలుపు.

"కర్రేదండీ?" అంది మామ్మ.

"కర్రేంటే?"

"పాతదానికి కర్ర ఉండేది కదండీ, నున్నగా, పీటలాగ."

"ఇప్పుడు కర్రలు రావట్లేదు. ఇది గట్టి ప్లాస్టిక్కు."

"ప్లాస్టిక్కా? మన నీళ్ళ బకెట్టులాగానా?"

నేను పకపకా నవ్వాను. తాతయ్య మొహం ముడుచుకున్నాడు. "పట్టుకుని చూసి మాట్లాడు" అని దాన్ని తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు. మామ్మ క్షణం పట్టుకుని, వేడిగిన్నె పట్టుకున్నట్టు వెంటనే తిరిగి ఇచ్చేసింది.

"ఇంత తేలికేంటండీ? చీపురులా ఉంది."

"అదే మరి దీని గొప్ప. ఇంకోటి చెప్పనా? పాతదైతే రెండు పేల్చేక గొట్టాలు విరిచి తెరిచి, మళ్ళీ గుళ్ళు పెట్టుకోవాలి. దీనికా బాధ లేదు. నొక్కితే పేలుద్ది. ఇంకో గుండు అదే ఎక్కించుకుంటాది. మళ్ళీ నొక్కితే మళ్ళీ పేలుద్ది."

"అయితే మధ్యలో ఆగడం ఉండదాండీ?"

"ఆగాలంటే ఆగొచ్చు. ఎవరు వద్దన్నారు?"

"వద్దనేవోళ్ళు ఉండరనేనండి."

తాతయ్యకి ఆ మాట ఎక్కలేదు. అసలు వింత ఇంకా మిగిలే ఉందన్నట్టు, తుపాకీ పక్కన ఏదో నొక్కాడు. భుజానికి ఆనించుకునే వెనకభాగం టక్కున తిరిగి పక్కకి అంటుకుపోయింది. అంత పొడుగుదీ పొట్టిదైపోయింది. మా మడత కత్తిపీటలాగే ఉందని నేను అనబోయి, మామ్మ మొహం చూసి మానేశాను.

"దీన్ని మడవడం ఎందుకండీ?"

"చోటు కలిసొస్తాది."

మామ్మ చుట్టూ చూసింది. మా ఇంట్లో ఎనిమిది గదులు. అందులో సగం గదుల్లో కొబ్బరికాయలే కాపురం ఉంటాయి.

"చోటు చాలక ఇబ్బంది పడుతున్నామాండీ మనం?"

"నీకు తెలీదులే, ఊరుకో."

"ఆయ్" అంది మామ్మ. పెళ్ళయిన దగ్గర్నుంచి తాతయ్య ఏం చెప్పినా ఆవిడ చివరికి అనేది అదే.

వంటింట్లోకి వచ్చాక పళ్ళెం గట్టు మీద పెడుతుంటే చప్పుడైంది. "పాతది పట్టుకుని వీధిలోకెళ్తే ఊరంతా చూసేదే ప్రసన్నా. 'ఎక్కడికండీ తుపాకీ?' అని దారిలో పదిమంది అడుగుదురు. ఇది మడిస్తే కండువా కింద పట్టేస్తాది" అంది నాతో.

అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ కండువా కింద అది ఎక్కడికి వెళ్తుందో మా ఇద్దరికీ తెలుసు.

మా చిన్నతాతయ్య బాబూరావు, అంటే తాతయ్య తమ్ముడు, మా కొబ్బరితోట పక్కనే తన వాటా చేను తవ్వించి రొయ్యల చెరువు చేశాడు. బోరు వేసి ఉప్పునీళ్ళు తోడాడు. ఆ ఉప్పు గట్టు కిందనుంచి మా తోటలోకి ఊరింది. గట్టు పక్క వరస చెట్లకి ముందు ఆకు పసుపెక్కింది, తరవాత పిందెలు రాలడం మొదలెట్టాయి. వాళ్ళ నాన్నగారు పాతిన చెట్లవి. అన్నదమ్ములకి మాటలు ఆగిపోయాయి. మామ్మ మాత్రం పెరటి గోడ మీదుగా చిన్నతాతయ్యకి పులసో, పనసపొట్టు కూరో అందిస్తూనే ఉంది. ఆవిడ కాపురానికి వచ్చేసరికి చిన్నతాతయ్యకి తల్లి లేదు. అన్నం కలిపి పెట్టి, తల దువ్వి బడికి పంపింది మామ్మే. ఆయన ఇప్పటికీ జ్వరమొస్తే "వదినా" అనే మూలుగుతాడని చిన్నమామ్మ ఎద్దేవా చేస్తుంది.

తాతయ్య కోపం సంగతి కూడా చెప్పాలి. ఆయన అరిస్తే ఎవరూ లెక్క చెయ్యరు. అరుపులో ఉన్నంతసేపూ ఆయన మంచివాడే. గౌరవం మొదలైందంటేనే ఇంటిల్లిపాదీ హడిలిపోతారు. ఒకప్పుడు పాలేరు మీద కోపమొచ్చి "రండి, కూర్చోండి, టీ తాగుతారా?" అన్నాడట. పాపం ఆ మనిషి ఆ రాత్రే ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

తుపాకీ వచ్చాక మామ్మకి నిద్ర కరువైంది. తాతయ్య దగ్గితే లేచి కూర్చునేది. ఆయన బయటికి వెళ్తుంటే గుమ్మం దాకా వెళ్ళి, "అక్కడేదో దుమ్మండి" అంటూ కండువా ఎత్తి దులిపేది. తాతయ్య ఇదంతా కొత్త ప్రేమ అనుకుని మురిసిపోయాడు. వానాకాలంలో అంత దుమ్ము ఎక్కడిదో ఆయనకి అనుమానం రాలేదు.

ఒక మధ్యాహ్నం మామ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది. పాత చీర ఒకటి, పసుపు మీద ఎర్రపూలది, చింపి పొడుగు సంచీలాగ కుట్టింది.

"ఏంటి మామ్మా అది? దిండుకా?"

"గలీబే. దానికి."

ఫ్రిజ్జుకీ, మిక్సీకీ, టీవీ రిమోటుకీ కూడా గలీబు కుట్టిన చెయ్యి ఆవిడది. కానీ దీనికి జిప్పు లేదు, గుండీలు లేవు. నిలువునా జతలు జతలుగా నాడాలు. తుపాకీని అందులో దూర్చి ఒక్కొక్క నాడా ముడి మీద ముడి వేసి, పళ్ళతో లాగి బిగించింది.

"ఇన్నెందుకు?"

"కోపం దిగడానికి కాస్త సేపు పడుద్ది కదే. మధ్యలో ఆగడం దానికి లేదంట. నేను పెట్టేను."

తాతయ్య చూసి "అబ్బో, పూల పరికిణీ కట్టేవే" అని సంతోషపడ్డాడు. బీరువాలో పెట్టి తాళం మొలకి కట్టుకున్నాడు.

దింపు రోజు వచ్చింది. చెట్లెక్కి కాయలు దింపే నూకరాజు గట్టు వరస చూసి దిగి, తలపాగా విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆ వరసలో దింపడానికి ఏం లేదండి. నడినెత్తి మొవ్వు కూడా పోయిందండి. ఇంక అయి లేవవండి."

తాతయ్య ఆ చెట్లకేసి ఒకసారి తలెత్తి చూశాడు. ఇంట్లోకి వచ్చాడు. గదిలో కాసేపు ఉండి, గుమ్మంలో నిలబడి నన్ను పిలిచాడు.

"లక్ష్మీప్రసన్నగారూ, తమరు ఆ కండువా కాస్త అందిస్తారాండీ?"

అందించాను. ఆయన వెళ్ళిపోయాక గానీ ఆ 'గారూ' నాకు తగల్లేదు. పెరట్లోకి పరిగెత్తి, "మామ్మా, తాతయ్య నన్ను గారూ అన్నాడు" అన్నాను.

మామ్మ కలుపుతున్న పిండి చేత్తోనే గదిలోకి వచ్చి చూసింది. బీరువా తలుపు బార్లా తీసి ఉంది. "గలీబుతోటే పట్టికెళ్ళేరు" అంది, ఊపిరి సగం పీల్చి. అంతే, చెప్పులు కూడా లేకుండా గట్టు వెంట పరుగు. ఆవిడ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. కుచ్చెళ్ళు ఒక చేత్తో, పిండి చెయ్యి గాల్లో. "బాబూ! బాబూ!" అని అరుస్తోంది. చెరువులో రొయ్యలకి గాలి అందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ గోలగా తిరుగుతున్నాయి. ఎవరికీ వినపడే దారి లేదు.

చిన్నతాతయ్య గట్టు మీద మేత బకెట్టుతో ఉన్నాడు. తాతయ్య ఆయన ఎదుట, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కండువా కింద మోచేతులు అదే పనిగా కదులుతున్నాయి. దగ్గరికి వచ్చేసరికి మాట వినిపించింది.

"తమ్ముడుగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఎక్కడికీ వెళ్ళిపోకండి. ఇదిగో, అయిపోయింది."

"ఆగేనన్నయ్యా, చెప్పు. ఏంటది?" చిన్నతాతయ్య మొహంలో ఆశ లాంటిది. అన్ని నెలల తరవాత అన్న పలకరించాడు మరి.

కండువా జారిపోయింది. పసుపు మీద ఎర్రపూలు బయటపడ్డాయి.

"అది వదిన చీర కదా! నా మొదటి పంట డబ్బుతో నేను కొన్నదే. ఏం, తిరిగిచ్చేస్తున్నారా?" అని నవ్వాడు. నవ్వుతూనే ఆ మూట ఆకారం చూశాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ మొహంలో రక్తం లేదు. బకెట్టు చేతిలోంచి జారి మేతంతా గట్టు మీద పోయింది. వెనక్కి వెళ్దామంటే చెరువు.

మామ్మ ఇద్దరి మధ్యకి వచ్చి పడింది. తాతయ్య ఆవిణ్ణి చూసి చేసిన పని, ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, వెన్నులో చలీ పుడుతుంది. మూట ఆవిడ చేతికి చాపాడు.

"ఇదిగో, ఈ ముడి చూడు. రావట్లేదు."

మందుబిళ్ళ అట్ట చింపడం దగ్గర్నుంచి చెప్పుల చిక్కు తియ్యడం దాకా అన్నీ ఆవిడే చేసిపెట్టేది. అలవాటు కొద్దీ అడిగేశాడు. ఆవిడ అలవాటు కొద్దీ 'ఆయ్' అంటుందేమోనని ఆవిడ నోటికేసే చూశాను.

"విప్పనండి."

"ఏంటీ?"

"నేనే కట్టేనండి. నేను విప్పను." పిండి చెయ్యి చిన్నతాతయ్యకి అడ్డం పెట్టింది. "ఈడి లాగు బొందు కట్టి బడికి పంపిన చేతులండి ఇవి. మీకు చాతనైతే మీరే విప్పుకోండి. నేనిక్కడే ఉంటాను."

తాతయ్య మళ్ళీ గోళ్ళతో లాగాడు. ఒక ముడి ఊడింది. దాని కింద ఇంకొకటి కూడా ఊడింది. నేను కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూతపడలేదు. మూడోదాని దగ్గర ఆయన వేళ్ళు ఆగిపోయాయి. తన చేతులకేసి తనే, ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు.

"నా ఒళ్ళు వణుకుతోందే అచ్చమ్మా" అన్నాడు. అండీ లేదు, గారూ లేదు. గట్టు మీద చతికిలబడిపోయాడు.

మామ్మ మూట లాక్కుని చంకలో పెట్టుకుంది.

చిన్నతాతయ్య కూడా అక్కడే కూలబడ్డాడు. ఒలికిన మేత చేత్తో దగ్గరికి లాగుతూ అడిగాడు. "అన్నయ్యా, నిజంగానే కాల్చేసేవాడివా?"

"తెలీదురా. ముడి ఊడుంటే తెలిసేది."

దాన్ని ఇంట్లో ఇంక ఒక్క పూట కూడా ఉంచనంది మామ్మ. తాతయ్య చేతులు స్టీరింగు పట్టుకునేలా లేవు. చివరికి చిన్నతాతయ్యే కారు తీశాడు. మేమిద్దరం వెనక కూర్చున్నాం, ఒళ్ళో పూల మూటతో. "దీనికి మొహం ఎటుందే?" అని మామ్మ గుసగుసగా అడిగింది. నాకూ తెలియలేదు. అది ఎటు తిరిగినా ఎవరో ఒకరి వైపే ఉన్నట్టు ఉంది. ప్రతి మలుపులోనూ దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, చివరికి కిటికీ వైపు పెట్టి, దారిన పోయే సైకిలు వాళ్ళని చూసి మళ్ళీ తిప్పేసింది.

స్టేషన్లో దానియేలు అనే కానిస్టేబులు తాతయ్యని చూసి లేచాడు. "ఎలక్షన్లప్పుడు కదండీ అందరూ తెచ్చి అప్పగించేది? ఇప్పుడేం లేవు కదండీ" అన్నాడు. నంబరు చూడాలి, సంచీ తియ్యమన్నాడు. తనే లాగి చూసి, కత్తెర కోసం సొరుగు తెరిచాడు.

"ఉండండి బాబూ" అని మామ్మ ఆ ముళ్ళన్నీ వరసగా, జడ విప్పినట్టు విప్పేసింది.

"ఇంత కొత్తది ఎందుకు పెట్టేస్తున్నారండీ? కారణం ఏమని రాసుకోమంటారు?"

తాతయ్య ఫ్యాను కేసి చూశాడు. చిన్నతాతయ్య తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"భయమండి" అంది మామ్మ.

"ఎవరికండీ, అమ్మగారూ?"

"మా ముగ్గురికీనండి."

బయటికి వచ్చాక నేను ఊరుకుంటానా? "నన్నెందుకు కలపలేదు మామ్మా? అందరికంటే ఎక్కువ భయం నాకే వేసింది" అన్నాను.

"నీది మా లెక్కలో వేసుకుంటాంలే. పెట్టింది మేమే కదా" అంది.

తిరుగు దారిలో తాతయ్య ముందు సీట్లో, చిన్నతాతయ్య పక్కన కూర్చున్నాడు. చెరువు అక్కడే ఉంది, ఉప్పు అక్కడే ఉంది, చెట్లు లేచేవి కావు. తుపాకీ లేదు గదా, ఇంక వెనక్కి ఆనుకుని కూర్చోమని మామ్మకి చెప్పాను. వినలేదు. ముందుకు వంగి, ఆ రెండు సీట్లనీ చెరో చేత్తో పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.