‘ఔ’ అనిపించుకోని వాక్యం

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనుకుని ప్రయోజనం లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంటి గోడ మీద కనిపించిన బల్లి, నేను సందు చివరికి వెళ్ళేసరికి ఉడుమవుతుంది, బస్‌స్టాపు చేరేసరికి మొసలవుతుంది. కాబట్టి కింద రాసిన ఎత్తులూ బరువులూ దూరాలూ సగానికి కోసుకుని చదువుకోండి. మనుషులను మాత్రం కొయ్యకండి.

మొన్న నాంపల్లి కోర్టుల వైపు వెళ్తుంటే ఒక చెట్టు కింద టైపు మిషను చప్పుడు వినిపించింది. ఈ కాలంలో కూడా ఎవరో పెద్దమనిషి టకటకమని కొడుతున్నాడు. లైను చివర గంట ‘టింగ్’మంది. అంతే. నలుగురు పక్కనుంచి తోసుకుపోతున్నా నడిరోడ్డు మీద నిలబడిపోయాను. వాక్యం అయిపోయింది, ఇప్పుడు ఎవరో ‘ఔ’ అనాలి, అనకపోతే ఎలా అన్న భయం అది. ఆ భయం నాకు అంటించినావిడ పేరు రత్నమ్మ గారు.

తొంభైల నడుమ నేను ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఒక టైపింగ్ కొట్లో పనిచేసేవాణ్ణి. కొట్టు ఎంత ఇరుకంటే, నేను లోపలికి రావాలంటే ఓనరు సత్తెన్న బయటికి వెళ్ళాలి. నేను తుమ్మాలంటే ఆయన అనుమతి కావాలి. అక్కడి తెలుగు మిషను ఒక ఎద్దంత బరువుండేది, ఎద్దులాగే మొరాయించేది. ఒక మధ్యాహ్నం ఆరున్నర అడుగుల ఆడమనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడి కొట్టంతా చీకటి చేసింది. యాభై ఏళ్ళుంటాయి. చెంపల మీద ఏదో చెట్టు బెరడు అరగదీసి రాసుకున్న పసుప్పచ్చని పూత. వెనక కాలేజీ చదువుతున్న కూతురు సారా. “బాబూ, తెలుగు మిషనేనా? చెప్పింది చెప్పినట్టు కొడుతుందా, సొంత తెలివి ఉందా?” అని అడిగారు. మిషనుకు లేదన్నాను. నా సంగతి ఆవిడ అడగలేదు.

రత్నమ్మ గారు రంగూన్‌లో పుట్టిన తెలుగావిడ. అక్కడ ఉండనివ్వని రోజులు వచ్చినప్పుడు, పెళ్ళికాని పిల్లగా తల్లిదండ్రులతో ఓడెక్కి విశాఖపట్నంలో దిగారు. ఇక్కడ వాళ్ళను కాందిశీకులన్నారు. ఎక్కడెక్కడో తిరిగి చివరికి నాంపల్లి రైలు పట్టాల పక్కన గుడిసె వేసుకున్నారు. అలాంటి బర్మా కుటుంబాలు కొన్ని, పాలమూరు నుంచి పనికోసం వచ్చిన కూలీల కుటుంబాలు కొన్ని, కలిపి నలభై ఒక్క గుడిసెలు. వాటిని తీసేసి వేరేచోట జాగాలిస్తామని కబురొచ్చింది. ఎవరికివ్వాలో తేల్చడానికి ఒక కమిటీ. కమిటీ నిండా ఆఫీసర్లే. రేషన్ కార్డూ శాశ్వత చిరునామా ఉన్నవాళ్ళనే జాబితాలో రాస్తారట. ఓడ దిగినవాళ్ళకూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళకూ శాశ్వత చిరునామా ఎక్కడిది? జాబితాలో లేకపోతే గుడిసె పోతుంది, జాగా రాదు. ఆవిడ అడిగింది ఒక్కటే, కమిటీలో బస్తీ మనుషులిద్దరు ఉండాలని.

“జాగా తరవాత నాయనా. ముందు ఆ గదిలో మేం కూర్చోవాలి. మా సంగతి మేం లేనప్పుడు మాట్లాడుకుంటే అది చాడీయే గదా.”

ఆవిడ పనిచేసే పద్ధతి నన్ను చంపుకుతినేది. వినతిపత్రంలో ప్రతి గుడిసెకూ ఒక వాక్యం. చిత్తుప్రతి పట్టుకెళ్ళి, పట్టాల పక్కన అందరినీ కూర్చోబెట్టి, గట్టిగా చదివేవారు. వాక్యం ఎవరిదో వాళ్ళు ‘ఔ’ అనాలి. అనకపోతే కొట్టేసి మళ్ళీ అడిగి రాసేవారు. మధ్యలో రైలొస్తే ఆగేవారు. మొత్తం ముగిసేసరికి దేశంలోని రైళ్ళన్నీ ఒకసారి మా ముందునుంచి వెళ్ళిపోయేవి. పాలమూరు నుంచి వచ్చిన ముసలమ్మ నరసమ్మ వాక్యం నాకింకా గుర్తు: “నీళ్ళకు పట్టాలు దాటి పోవాలె. మోకాళ్ళు లేస్తలేవు.” చదవగానే ఆమె బిందె మీద చెయ్యివేసి, సాక్షి చెప్పినంత గంభీరంగా “ఔ” అంది.

అర్జీ ఇవ్వడానికి ఆఖరి రోజు శుక్రవారం. ఆ రోజు రత్నమ్మ గారికి జ్వరం. సంతకాలన్నీ వేరే కాగితం మీద ముందే అయిపోయాయి. చిత్తుప్రతి సారాతో పంపి, ఉన్నది ఉన్నట్టు కొట్టి, నన్నే ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకు రమ్మన్నారు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నలభై ఒక్క గుడిసెలా? ఈ నగరంలో నలభై ఒకటికి ఎవరు ఉలిక్కిపడతారు? నాలుగు వందలు చేశాను. ముసలమ్మ మోకాళ్ళ నొప్పికి ఏ ఆఫీసరు కరుగుతాడు? నరసమ్మను నీళ్ళబిందెతో సహా రైలు కింద పడేశాను. అరపేజీ రాశాను. బిందె దొర్లిన చప్పుడు దగ్గర నాకే ఏడుపొచ్చింది. సత్తెన్న చదివి ముక్కు చీదుకున్నాడు. “ఏం రాసినవ్ తమ్మీ! ఆఫీసర్లు రుమాళ్ళు తెచ్చుకోవాలె.”

ఇచ్చేశాను. ముద్ర పడింది. కార్బన్ కాపీ రత్నమ్మ గారికి పంపి, మెచ్చుకోలు కోసం ఆదివారం నేనే బస్తీకి వెళ్ళాను. చర్చి నుంచి వచ్చి ఆవిడ అందరి ముందూ చదవడం మొదలుపెట్టారు. నాలుగు వందల దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎవరూ ‘ఔ’ అనలేదు. గొంతు తగ్గించి చదువుతూ రైలు దగ్గరికొచ్చారు. పూర్తిచేశారు. ఎదురుగా నరసమ్మ.

“నన్ను సంపినవా బిడ్డా?” అంది నావైపు తిరిగి. “దినాలన్న జేసినవా, లేదా?”

ఒకరిద్దరు నవ్వారు. రత్నమ్మ గారు నవ్వలేదు. గురువారం ఆఫీసరు విచారణకు వస్తున్నాడు. నాలుగు వందల్లో నలభై ఒకటే కనిపిస్తే, చచ్చిపోయినామె నీళ్ళు మోస్తూ ఎదురైతే, ఇక వీళ్ళ మాట ఎవరు నమ్ముతారు? “గురువారం ఒక్కరోజు నరసమ్మను ఊరికి పంపేద్దామండీ” అన్నాను. అంతకంటే గొప్ప ఆలోచన ఆ క్షణాన రాలేదు.

ఆవిడ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. “మేం ఓడ దిగిన క్యాంపులో ఒక గుమాస్తా ఉండేవాడు నాయనా. మంచివాడు. మా నాన్న బడిపంతులు. పంతులని రాస్తే ఏమీ ఇవ్వరు, సేద్యమని రాస్తే భూమిస్తారని జాలిపడి అలా రాశాడు. మమ్మల్ని అడగలేదు. భూమిచ్చారు. నాగలి ఎటు పట్టుకోవాలో తెలియని మనిషి ఆ రాళ్ళలోనే పోయాడు. కాగితం మీద మాత్రం చివరిదాకా రైతే.”

సోమవారం నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళారు. జ్వరం ఇంకా తగ్గలేదు, సారా చెయ్యి పట్టుకుని నడిచారు. క్యూ నాంపల్లిలో మొదలై ఖైరతాబాద్ దాకా ఉంది. పైన ఫ్యాను గంటకోసారి తిరుగుతోంది. మేమిచ్చిన సవరణ మూడే వాక్యాలు: గుడిసెలు నలభై ఒకటి, నరసమ్మ బతికే ఉంది, తప్పు టైపు చేసినవాడిది. కింద నా సంతకం. సూపరింటెండెంటు రెండుసార్లు చదివాడు.

“ఏందమ్మా ఇది? గిన్నేండ్ల సర్వీసుల తక్కువ చేసి రాసిచ్చినోళ్ళను సూడలే. ఇది లోపలికి పోతే మొత్తం అబద్ధమంటరు. జర సోంచాయించుకోరి.”

“తీసుకోండి బాబూ.”

“కొట్టేస్తే?”

“మేం చెప్పిందాన్ని కొట్టేస్తారు. ఇప్పుడైతే మేం చెప్పనిది మీ దగ్గరుంది.”

బయట మెట్ల మీద ఆగి, నా భుజం తట్టి, “పోన్లే నాయనా, నీది మంచి మనసు” అన్నారు.

గురువారం దాకా నేను అన్నం తిన్నది గుర్తులేదు. ఆఫీసరు వచ్చి ఒక్కొక్క గుడిసె లెక్కపెడుతుంటే, వెనకాలే నేనూ లెక్కపెట్టాను. నలభై దగ్గర నా ఊపిరాగింది, నలభై ఒకటి దగ్గర వచ్చింది. “నరసమ్మ ఎవరు?” అన్నాడు. పట్టాలు దాటి బిందెతో వస్తున్న ముసలమ్మ, “నేనే సారూ, సచ్చినదాన్ని” అంది. ఆయన నవ్వలేదు. ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎన్నో వారాలు ఏ కబురూ లేదు. బస్తీవైపు ఏ జీపు చప్పుడైనా అందరూ గుడిసెల్లోంచి సామాను సర్దుకోవడానికి లేచేవారు. సర్దడానికి పెద్దగా ఏముందని, అయినా లేచేవారు.

చివరికి ఉత్తరం వచ్చింది. ఇద్దరు రావచ్చు, కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. తీర్మానం మాత్రం ఆఫీసర్లదే. ఒకరు రత్నమ్మ గారు. రెండో పేరుగా ఆవిడ నరసమ్మను రాయించారు.

“నాకేం తెల్సు అమ్మా, సదువు రాదు” అని నరసమ్మ గింజుకుంది.

“నీ మోకాళ్ళ సంగతి నీకంటే ఎవరికి తెలుసు?”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేను వరండాలో గోళ్ళు కొరుక్కున్నాను, మోచేతుల దాకా. ఫారంలో ‘శాశ్వత చిరునామా’ గడి పోయి, ‘ఇప్పుడు ఉంటున్న చోటు’ వచ్చింది. నలభై ఒక్క పేర్లూ జాబితాకెక్కాయి. జాగాలు మాత్రం అందరికీ రాలేదు. కొందరు ఎదురుచూస్తూనే మళ్ళీ ఊళ్ళు మారారు. రత్నమ్మ గారు ఆ కొందరి కోసం ఇంకో పదేళ్ళు అర్జీలు రాయించారు, పోయేదాకా.

ఇది రాశాక సారా ఇంటికి వెళ్ళాను. ఎదురుగా కూర్చుని వాక్యం వాక్యం చదివాను. ఆరున్నర అడుగులకు నవ్వి “ఔ” అంది. ఖైరతాబాద్ క్యూకు “ఔ” అంది. మోచేతుల దాకా గోళ్ళకూ “ఔ” అంది. మెట్ల మీద భుజం తట్టిన చోట ఏమీ అనలేదు. నేను మళ్ళీ చదివాను.

“అమ్మ అట్లా అనలేదు కదా అంకుల్. నేను పక్కనే ఉన్నా.”

అనలేదు. ఆ రోజు ఆవిడ నా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. తరవాత ప్రతి అర్జీకీ నా దగ్గరికే వచ్చారు. కానీ పక్కన స్టూలు మీద కూర్చుని, నేను ప్రతి లైనూ పైకి చదివితే విని, ఆ తరవాతే కొట్టనిచ్చారు. పదేళ్ళూ అంతే. ఆ ‘మంచి మనసు’ మాట నేను కల్పించింది. పదేళ్ళు ఎదురుచూసినా రాలేదు, అందుకని రాసుకున్నాను.

“కొట్టెయ్యనా?” అని అడిగాను.

“ఉండనీండి. అబద్ధమని రాయండి.”

రాసి, చదివి వినిపించాను. సారా “ఔ” అంది.