గొంతుకడ్డం పడ్డ దుంప

ఆ మేకకి ఒళ్ళంతా నలుపు, చెవులు మాత్రం తెలుపు. నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో నాకు మొదట దగ్గరైంది అదే. అరవైల చివర మాట. ఆమదాలవలసలో రైలు స్టేషను పక్క వీధిలో పెరిగినదాన్ని, మేకల సంగతి నాకేమీ తెలియదు. సాలూరు రోడ్డు పక్కనున్న ఆ పల్లెలో, పదిహేడేళ్ళ వయసులో, ఏం మాట్లాడితే ఏం తప్పో అని రోజంతా నోరు మూసుకుని తిరిగేదాన్ని. కూర తరగడం అయ్యాక బీరపొట్టు, ఆనపకాయ తొక్కలు, ముదిరిన బెండకాయలు చాటలో వేసుకుని పెరట్లోకి వెళ్తే, తాడు బిగిసేదాకా అది ఎదురొచ్చేది. అరచేతిలో దాని పెదాలు గబగబా కదులుతుంటే నవ్వొచ్చేది. ఆ ఇంట్లో నేను నవ్వింది అక్కడే.

దాని పాల మీదే ఒక పసిపిల్ల బతుకుతోంది. మా ఆడపడుచు పురిటికి వచ్చి, పిల్ల పుట్టి మూడు నెలలైనా ఆమెకి పాలు పడలేదు. ఆవుపాలు పడితే పిల్ల కక్కేసేది. మేకపాలే ఇమిడాయి. అత్తగారు రెండు పూటలా తనే పిండేది. పొదుగు మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

చోడి చేలు, అంటే రాగి చేలు, కోసే రోజుల్లో ఒకనాడు, పిల్లకి జలుబు చేసిందని అత్తగారూ ఆడపడుచూ సాలూరులో డాక్టరుకి చూపించడానికి పొద్దున్నే బస్సెక్కారు. మా ఆయనా పాలేరూ చేనికి వెళ్ళిపోయారు. ఇంట్లో నేనూ, వీధి అరుగు మీద మంచంలో మావగారూ. గొడ్డలి తగిలి ఆయన పాదానికి కట్టు ఉంది. ఆయన ఎదట నేను ఎప్పుడూ నిలబడలేదు, మాట్లాడలేదు. కోడళ్ళు అలా మాట్లాడే ఆచారం ఆ ఇంట్లో లేదు. పైగా ఆయన గొంతు పెద్దది. పాలేరుని పిలిచినా నా గుండె అదిరేది.

మధ్యాహ్నం చిలకడదుంపలు కడుగుతుంటే, కోడిగుడ్డంత దుంప ఒకటి మంచిది తీసి మేకకిచ్చాను. ఎప్పటిలా నెమ్మదిగా కొరుక్కుంటుందనుకున్నాను. ఇంతలో పక్కన కట్టేసిన మేకపోతు మూతి చాపింది. అది లాక్కుంటుందని నా మేక దుంపని అలాగే మింగేసింది.

మరుక్షణం మెడ ముందుకి చాపింది. దగ్గింది. నోట్లోంచి చొంగ తీగల్లా కారసాగింది. నీళ్ళు తాగితే దిగిపోతుందని చెంబు నోటికి పెట్టాను. ఆ నీళ్ళు ముక్కులోంచి తిరిగొచ్చాయి. చూస్తుండగానే ఎడమ డొక్క ఉబ్బడం మొదలైంది. చెయ్యి వేస్తే డప్పులా గట్టిగా ఉంది. పక్కింటికి పరిగెత్తాను, తలుపుకి గొళ్ళెం. ఆ పక్కిల్లూ అంతే. ఊరంతా చేలల్లోనే ఉంది. మూడు గంటల బస్సుకి అత్తగారు వస్తుంది. వచ్చీ రాగానే పిల్లకి పాలు కావాలి.

వీధి గుమ్మం వెనక నిలబడ్డాను. రెండుసార్లు నోరు తెరిచి మూశాను. పెరట్లోంచి మేక దగ్గు వినిపించింది.

"మావయ్యా" అన్నాను.

"ఎవులది?" అని ఆయన ఉలిక్కిపడ్డారు.

"మేక సచ్చిపోతన్నాది మావయ్యా. నానే... దుంపెట్టినాను."

ఆయన మంచం దిగి, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద కుంటుకుంటూ పెరట్లోకి వచ్చారు. తిడతారని తల వంచుకుని వెనకే నడిచాను.

"ఎంత దుంప?"

చేత్తో చూపించాను.

"కోసి పెట్టాల గదమ్మా" అన్నారు. అంతే. "ఆముదం సీసా తే. బేగి."

ఆయన దాని మెడ మీద వేళ్ళతో నెమ్మదిగా తడుముతూ వచ్చి ఒకచోట ఆగారు. "ఇదిగో, ఇక్కడున్నాది." కాస్త ఆముదం దాని నాలుక మీద రాసి, దుంపని బయటినుంచి పైకి నొక్కుకుంటూ వచ్చారు. అది గొంతు మొదటికొచ్చి ఆగిపోయింది. దవడల మధ్య పొయ్యిలో పెట్టే పుల్ల ఒకటి అడ్డం పెట్టి, నోట్లోకి చెయ్యి పెట్టబోయారు. ఆ లావు వేళ్ళు పట్టలేదు.

"నీ సెయ్యి సన్నం. నువ్వెట్టు."

"భయ్యంగా ఉన్నాది మావయ్యా."

"నాకూ భయ్యంగానే ఉన్నాది. ఎట్టు. గాజులు పైకి లాక్కో."

ఆయనకి భయమేమిటో అనుకుంటూ ముఖంలోకి చూశాను, మొదటిసారి. నుదురంతా చెమట. పిల్ల ఆయనకీ మనవరాలే కదా.

వేళ్ళు లోపలికి పెట్టాను. వేడిగా, జారుడుగా ఉంది. పుల్ల జారి మేక దవడ పళ్ళు నా వేళ్ళ మీద పడ్డాయి. కేకేశాను, చెయ్యి మాత్రం తియ్యలేదు. వేలి కొసకి గట్టిగా ఏదో తగిలింది, మళ్ళీ జారింది. మేక కళ్ళు పైకి తిరిగాయి. అయిపోయింది, చచ్చిపోయింది అనుకున్నాను. "ఇంకోసారి, ఇంకోసారి" అంటూ ఆయన కింద నుంచి నొక్కుతున్నారు. రెండు వేళ్ళు దుంప వెనక్కి వేసి లాగాను. చొంగతో, నెత్తుటితో కలిసి దుంప మట్టిలో పడింది. ఆ నెత్తురు నాదే. మేక పెద్దగా త్రేన్చింది. డొక్క మెల్లగా దిగింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

బస్సు దిగి వచ్చిన అత్తగారు, కుంటుతూ పెరట్లో నిలబడ్డ మావగారినీ నన్నూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏటైనాది?"

ఆయన దాచలేదు. "మేక గొంతుకి దుంపడ్డం పడింది. కోడలే ఎట్టింది. కోడలే తీసింది."

ఆమె చేతులు కడుక్కుని పాలకి కూర్చుంది. రోజూ వచ్చే దానిలో సగం కూడా రాలేదు. ఉగ్గుగిన్నెతో పట్టి, మిగతాదానికి బార్లీ నీళ్ళతో సర్దుకున్నారు. పిల్ల ఆకలికి ఏడ్చిన ప్రతిసారీ నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. "రేపు సూద్దాం" అంది అత్తగారు. తర్వాత నా వేళ్ళు చూసి పసుపు పెట్టింది. "ఇకనించి దానికేటీ ఎట్టకు" అంది.

మర్నాడు పాలు కాస్త పెరిగాయి. మూడోనాటికి ఎప్పటిలా వచ్చాయి. పది రోజులు నేను పెరటి వైపే పోలేదు. పదకొండోనాడు అత్తగారే తొక్కల చాట నా చేతికిచ్చి, "సన్నంగా తరిగెట్టు. నువ్వు రాక అది కుడితి సరిగా తాగడం లేదు" అంది.

తరిగాను, ఇంటివాళ్ళ కూరకన్నా సన్నంగా. అయినా ముక్క ముక్కకీ దాని మెడ వైపే చూస్తూ, మింగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి పిల్ల పాకడం నేర్చుకుని, తల్లితో వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది.