ఏడో అట్ట

ఎదురింటి సారు పోయారని మంగళవారం పొద్దున పాలతను చెప్పాడు. గోరిమేడు ఆసుపత్రిలో, నిద్రలోనే. ప్యాకెట్టు పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాను. ఆ క్షణాన వచ్చిన ఆలోచన చెప్పుకోదగ్గది కాదు: ఇక ఏడో అట్ట సంగతి ఎవరికి చెప్పాలి?

నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. చదువు కూడా బోర్డుల మీదే నేర్చుకున్నాను. ఊరంతా తమిళ బోర్డులే. మా ఇందిరా నగర్ వీధిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడు, చదివేవాళ్లు ఇద్దరే, నేనూ సారూ. జీవితం మొత్తంలో తెలుగు బోర్డులు మూడే రాశాను. ఒకదానిలో తప్పు దొర్లిందని దాని యజమానికి రెండేళ్లకు తెలిసింది. అది వేరే కథ.

సారు కాలాపేట యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు. రిటైరయ్యాక ఒకే లెక్క పట్టుకున్నారు. వెలుగు ఎంత పెరిగితే కంటికి ఎంత పెరిగినట్టు తోస్తుంది, దానికో సూత్రం రాయాలి. నలుపుకూ తెలుపుకూ సరిగ్గా సగంలో ఉండే బూడిదరంగు కలపమన్నారు. మామూలుగా నేను కొలవను, చూసి పోస్తాను. అడిగింది లెక్కల సారు కదా అని మర్యాదకు మగ్గుతో కొలిచాను. మగ్గు నలుపు, మగ్గు తెలుపు.

“ఇది సగమా? నల్ల ఎనుమును తోలుకొచ్చినావే.”

“కొలిచి పోసినా సార్.”

“సగం డబ్బాలో కాదప్పా, కంట్లో ఉండాల.”

కంటితో కలిపి మళ్లీ తీసుకెళ్లాను. వెలుగు కొలిచే మీటరు పెట్టి చూశారు. కంటికి సగమైన ఆ బూడిద, తెలుపు ఇచ్చే వెలుగులో ఐదో వంతు కూడా ఇవ్వడం లేదు. నాకు బుర్ర తిరిగింది, ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. “కన్ను లెక్కపెట్టదప్పా, పోల్చుకుంటుంది” అనేవారు. చీకటి గదిలో రెండో దీపం తెలుస్తుంది, నూరు దీపాల పక్కన ఇంకోటి పెడితే ఎవరు చూస్తారని.

“ఈ బూడిద ముదిరింది” అని నేనంటే మురిసిపోయేవారు. బెండకాయకూ రంగుకూ ఒకే మాట ఎందుకని అడిగారు. నాకేం తెలుసు? బెండకాయనైతే విరిచి చూడొచ్చు, రంగును విరవలేం అన్నాను. దాన్నీ నోటుబుక్కులో రాసుకున్నారు.

నలుపు నుంచి తెలుపు దాకా పదకొండు అట్టలకు రంగు వేశాను. ఒక్కోదాన్నీ మీటరుతో కొలిచి ఆ కొలత వెనక రాశారు. అంచులు సరిచేద్దామని ఇంటికి తెచ్చుకుంటే, ఏడోదాని మీద కాఫీ ఒలికింది. గుర్తున్న రంగు కలిపి దాని మీదే మళ్లీ వేసి ఇచ్చేశాను. చెప్పలేదు.

తర్వాత సారు వచ్చినవాళ్లకల్లా అట్టలు చూపి, నలుపు సున్నా, తెలుపు నూరు అయితే ఇదెంత అని అడిగారు. ఇస్త్రీ ఆమె చెప్పింది, గ్యాసు సిలిండరు మోసే ఆయనా చెప్పాడు. అవన్నీ పెట్టి గీత గీశారు. మొదట నిటారుగా లేచి, పైకి పోయేకొద్దీ బద్ధకించే గీత. అందులో ఏడో చోట గుంత పడింది.

“అందరి కండ్లూ ఈడే ఎందుకప్పా తడబడతాండాయి?” అన్నారు. మీటరు చూసిన రంగు వేరు, జనం చూసిన రంగు వేరు అని నేను అనాలి. అనలేదు. ఆ గుంత కోసం ఆయన సూత్రానికొక తోక తగిలించి, ఏడాది పాటు దిద్దారు. రోజూ చెబుదామనే వెళ్లేవాణ్ణి. “రాప్పా, గుంత సంగతి కొంచం తేలింది” అని నవ్వుతూ ఎదురొచ్చేవారు.

పోయే ముందు ఆదివారం ఆసుపత్రిలో ధైర్యం చేశాను.

“సార్, ఆ ఏడో అట్ట...”

“మంచి అట్టప్పా అది. అది లేకుంటే ఈ పని ఎప్పుడో చాలించుకునేవాణ్ణి.”

తెలిసి అన్నారా, తెలియక అన్నారా? అడిగేలోపు వాళ్లావిడ ఇడ్లీ డబ్బాతో వచ్చింది. “ఏంది తమ్ముడూ, ఈడ కూడా మీ రంగుల కచేరీనా?” అంది. నేను లేచాను.

పదకొండో రోజు అయ్యాక ఆ అక్కే అట్టల పెట్టె నా చేతికిచ్చింది. “నాకు అన్నీ ఒకే మాదిరి కనపడతాయి. నువ్వే పెట్టుకో.”

సాయంత్రం మా తిన్నె మీద వరసగా పేర్చాను. ఏడోది ఆరుకూ ఎనిమిదికీ మధ్య మర్యాదగా కూర్చుంది. ఎంత చూసినా నా తప్పు నా కంటికే దొరకలేదు. పొద్దు వాలేకొద్దీ అట్టలన్నీ కలిసికట్టుగా మసకబారాయి. ఈ వేళప్పుడు తెల్ల అట్ట ఇచ్చే వెలుగు, మధ్యాహ్నం ఎండలో నల్ల అట్ట ఇచ్చే వెలుగుకు కూడా సరిపోదని సారు ఒకసారి చెప్పారు. ఎదురింటి వాకిలి కనిపించడం మానేసింది. తెల్ల అట్ట మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.