పాదాలు పక్కవాడు చూడాలి

పోస్టింగ్ చేరింది మధ్యాహ్నం. బయట ఎండ మండిపోతోంది. స్థలం, విశాఖలో ఒక ఆసుపత్రి, గుండె వార్డు, కిటికీ పక్క మంచం. కిట్టు: ఆకుపచ్చ గౌను, చేతికి సెలైన్, ఛాతీకి వైర్లు. ఆర్డరు ఒక్కటే, కదలొద్దు.

ఫౌజులో మంచుకొండల మీద కాపలా కాసినవాణ్ణి. దిగివచ్చాక పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. ఆ గేటు దగ్గరే, లారీలు లోపలికి వదులుతూ, ఛాతీ పట్టుకుని కూలబడ్డాను. స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ అంది: "మెల్లగా నడక మొదలుపెట్టండి. భయం, దిగులు వస్తాయి. దాచుకోకండి. మా దగ్గర మనసు డాక్టరు కూడా ఉన్నారు."

నవ్వొచ్చింది. గడ్డకట్టే చలిలో తుపాకీ పట్టుకు నిలబడ్డవాడికి భయమేమిటి?

పెందుర్తిలో ఇంటికి చేరేసరికి భయం నాకంటే ముందే వచ్చి కూర్చుంది. గుండె కొట్టుకుంటోందో లేదో అని ఛాతీ మీద చెయ్యి తియ్యలేదు. వీధి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేవాణ్ణి. అది దాటితే మళ్ళీ కూలిపోతాననిపించేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు బత్తాయిలు చేతిలో పెట్టి, "ఇంకేటి డ్యూటీ బావా, మంచం దిగకు," అని తీర్పు చెప్పేసేవారు. ఒళ్ళు మండేది, అయినా బత్తాయిలు తీసుకుని పక్కన పెట్టేవాణ్ణి.

"ఎలాగుందండి?" అని మా ఆవిడ అడిగేది.

"సబ్ ఠీక్."

అంతా బాగుందని సెంట్రీ ఇచ్చే రిపోర్టు అది. పచ్చి అబద్ధం.

దాన్ని పట్టుకున్నది కొండ మీద నా జోడీ, మా పోస్టు రేడియో ఆపరేటర్. ఇప్పుడు పూర్ణా మార్కెట్లో మిరపకాయల కొట్టు నడుపుతున్నాడు. ఫోన్లో నా "సబ్ ఠీక్" వినగానే కొట్టు మూసి వచ్చేశాడు. కుశలం కూడా అడగలేదు.

"కాళ్ళిలా సాపు బావా."

"ఏటి?"

"సెప్పింది సెయ్యి."

మంచు పోస్టులో మాకో రూలుండేది. ఎవడి పాదాలు వాడు చూసుకోకూడదు. చలికి చచ్చుబడ్డ వేలు నొప్పి పెట్టదు. బాగానే ఉందనుకుంటాం, తర్వాత నల్లబడుతుంది. అందుకే గస్తీ నుంచి రాగానే బంకర్లో జోడీ మేజోళ్ళు విప్పించి, ఒక్కో వేలూ నొక్కి చూడాలి. అక్కడ ఎవడి సబ్ ఠీక్‌కూ విలువ లేదు.

వాడు నేల మీద కూర్చుని నా పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. మడమలు పట్టుకుని వేళ్ళన్నీ నొక్కాడు. తలెత్తకుండానే అన్నాడు: "ఏళ్ళు బాగున్నాయి. లోపల సచ్చుబడిందేటో సెప్పు."

"బయమేత్తంది బావా. గేటు దాటితే సచ్చిపోతాననిపిత్తంది."

వంటింటి గుమ్మంలో మా ఆవిడ టీ గ్లాసులతో అలాగే నిలబడిపోయింది.

"అదీ రిపోర్టంటే," అన్నాడు వాడు. "ఇప్పుడిది మనసు డాక్టరుకి పంపాల. నాకేటి తెలుసు, నాను మిరపకాయలమ్ముకున్నోణ్ణి."

వెళ్ళాను. ఆ డాక్టరు ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. తర్వాత నా జోడీతో కలిసి నడక. ముందు గేటు దాటాం, తర్వాత సందు మలుపు, ఆ తర్వాత రైతు బజారు. బయల్దేరే ముందు వాడు మా ఆవిడకు, గస్తీకి కదిలేటప్పుడు రేడియోలో చెప్పినట్టే, "కంట్రోల్, పార్టీ కదిలింది," అని రిపోర్టు ఇచ్చేవాడు. భయం కూడా మాతో వచ్చేది. రానీ, దానికీ నడక మంచిదే అనుకున్నాను. మంచం దిగొద్దన్న బంధువు మళ్ళీ వస్తే, ఆయన బత్తాయిలు ఆయన చేతికే ఇచ్చి, "మీరు కూర్చోండి, నాకు నడక టైమైంది," అని చెప్పులేసుకున్నాను.

డాక్టరమ్మ సరేనన్నాక పోర్టు గేటుకి తిరిగొచ్చాను. అదే దుమ్ము, అదే ఉప్పుగాలి, అవే లారీలు. భయం ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వస్తే ఇంట్లో చెబుతాను, లారీలు మాత్రం ఆపను.

కళ్ళు మూస్తే కనబడేది మంచుకొండ కాదు, ఆసుపత్రీ కాదు. వాడి ఒళ్ళో నా పాదాలు. కొట్టు నుంచి చేతులు కడుక్కోకుండా వచ్చేశాడు. ఆ కారం నా పగిలిన మడమలకు అంటుకుని సాయంత్రం దాకా మండుతూనే ఉంది. కడుక్కోమని మా ఆవిడ నీళ్ళు తెచ్చింది.

కడుక్కోలేదు.