కంచె దూకిన మేక

ప్రైవేటు బస్సుల్లో కిటికీ అద్దం ఎందుకు సగంలోనే ఇరుక్కుంటుందో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కిందికి దిగదు, పైకి పోదు. గాలి రాదు గానీ, సున్నపురాయి లారీల దుమ్ము మాత్రం టికెట్ లేకుండా వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. పొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందుల పోయే బస్సులో ఆ రోజు నా పక్కన అలాంటి అద్దమే. ఇటుపక్క నాన్న. ముందు సీట్లో చెల్లెలు, దాని సంచిలో దాని మొదటి పాట. చిన్నాయన గృహప్రవేశానికి పోతున్నాం.

ఆ పాటకు మూలం పక్కింటి భాయ్. కువైట్ నుంచి వచ్చేటప్పుడు అత్తరుతోపాటు ఒక పాత రెగే కేసెట్ తెచ్చాడు. జమైకా దీవి పాటలట. మన దప్పు గట్టిగా మోగే చోట అక్కడ ఖాళీ. మనం ఊపిరి తీసుకునే చోట గిటారు చప్పుడు. గోడ అవతలి నుంచి విని విని చెల్లెలు దానికి అలవాటు పడింది. ఆ పాత నడక కింద పెట్టి, టీవీలో కొత్తగా వస్తున్న పాప్ పైన పెట్టి, మధ్యలో దువ్వూరులోని అవ్వ మేకను కట్టేసింది:

"కంచె దూకిన మేకా, ఇంటికి రావే ఇంకా."

రికార్డు చేసింది పొద్దుటూరులో, గోడలకు బొంతలు కట్టిన ఒక గదిలో. ఎన్నికలప్పుడు అక్కడ ఒకే గొంతు పొద్దున ఒక పార్టీని, సాయంత్రం ఇంకో పార్టీని గెలిపించేది. ఉన్నది ఒకటే పాట కాబట్టి కేసెట్ రెండు వైపులా అదే ఎక్కించారు. తాళం వాయించిన భాయ్ దుడ్లు అడగలేదు, గది యజమాని సగమే అడిగాడు. నాన్న మాత్రం ఒక షరతు పెట్టాడు. "ఈ పాట పదిమందిలోకి పోయి గొడవ తెచ్చిందంటే, అదే మొదలు, అదే ఆఖరు." మా ప్రాంతంలో అది అతి జాగ్రత్తేమీ కాదు.

జమ్మలమడుగులో, పులివెందుల కోర్టు వాయిదాకు పోయేవాళ్లు ఎక్కారు. ఒకే ఊరు, రెండు వర్గాలు, ఒకే కేసు. అలవాటు ప్రకారం ఒక వర్గం డ్రైవర్ వెనక, ఇంకోటి చివరి సీట్లలో. నడిమధ్య మాలాంటి వాళ్లం. సీటు కింద ఏముందని ఒకరినొకరు అడగడం మర్యాద కాదు. ఏ హీరో పాట వేస్తే ఎవరికి కోపమొస్తుందోనని డ్రైవర్ భక్తి పాటలే వేసేవాడు. ముద్దనూరు దాటగానే ఆ కేసెట్ రీలు చుట్టుకుపోయింది.

"ఎవురి దగ్గరన్నా కేసెట్ ఉండాదాప్పా?" అన్నాడు డ్రైవర్.

నాన్న చెయ్యి లేచేలోపల చెల్లెలు తనది ఇచ్చేసింది.

పల్లవి ఒకసారి తిరిగింది. ముందూ వెనకా తలలు లేచాయి. కిందటి ఎన్నికల ముందే రెండు వర్గాల పెద్దలూ పార్టీలు మారారు. ఒకాయన వదిలిన పార్టీలోకి ఇంకొకాయన చేరాడు. కంచె దూకిన మేక ఎవరన్నది ఇప్పుడు చిన్న ప్రశ్న కాదు.

"ఏందప్పా ఈ పాట? ఎవుర్ని అంటాండారు?" అన్నాడు డ్రైవర్ వెనక సీట్లో ఉన్న ఒక మీసాలాయన.

"ఏం మామా, మీ మేకేనా?" వెనక నుంచి ఒక గొంతు.

"మా మేకలు యాడికీ దూకవులే. మీవి లెక్క చూసుకో."

నాన్న కళ్లు మూసుకున్నాడు. అయితే ఇక్కడే మా అదృష్టం పనిచేసింది. కోపం తెచ్చుకోవాలంటే ఆ మేక తమ పెద్దాయనేనని ముందుగా ఒప్పుకోవాలి. దానికి రెండు వైపులా ఎవరూ సిద్ధంగా లేరు.

"డ్రైవరూ, మళ్లా మొదటి నుంచి యెయ్యి. తేలాల ఇది," అన్నాడు మీసాలాయన.

రెండోసారి అందరూ ముందుకు వంగి మరీ విన్నారు. మూడోసారి ఇంకో వైపు తిప్పించారు, అక్కడేమన్నా దాచారేమోనని. చెల్లెలు ఇక ఉండబట్టలేక లేచి నిలబడింది.

"మేకంటే మేకే, పెదనాయనా. మా అవ్వది. దువ్వూరులో ఉండాది."

మీసాలాయన దాని వైపు తిరిగాడు. "నల్లదా, తెల్లదా?"

"మచ్చలది."

వెనక సీట్లలో ఎవరో పక్కున నవ్వారు. తర్వాత ముందు సీట్లలో. పులివెందుల వచ్చేలోపల కొన్ని కాళ్లు ఆడాయి, కొంచెం ఆలస్యంగా. తర్వాత చెల్లెలు పెద్ద పెద్ద సభల్లో పాడింది. కానీ ప్రతి మాటనూ అంత శ్రద్ధగా విన్నవాళ్లు దానికి మళ్లీ దొరకలేదు. వాళ్ల కేసు ఏమైందో నాకు తెలియదు. ఆ మీసాలాయనను మాత్రం ఇప్పటికీ మంచి మనసుతో తలుచుకుంటాను.

దిగేటప్పుడు ఆయన చెల్లెలి దగ్గర ఆగాడు. "గొంతు శానా బాగుండాది పాపా. ఆ తాళమేసేటోన్ని మటుకు మాన్పించు. ప్రతి దెబ్బకూ ఎనకబడతాండాడు."

కోర్టు వైపు పోయేవాళ్లు పోయారు. చెల్లెలు కేసెట్ సంచిలో పెట్టుకుని నాన్న మొహం చూస్తూ నిలబడింది. నాన్న చొక్కా మీద దుమ్ము దులుపుకున్నాడు. కండువా సర్దుకున్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"రెండో పాటలో మేకలు గీకలు పెట్టాకు."