హాజరు పట్టీలో పెద్దమామ

మొన్న రేషన్ దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. దుకాణదారు పాత జాబితా చూసుకుంటూ ఒక పేరు పిలిచాడు. ఆ మనిషి పోయి ఏడాది దాటింది. వరుసలో ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు. నా ముందున్న ఆడమనిషి ఎవరికో దారి ఇస్తున్నట్టు మెల్లగా పక్కకు జరిగింది. ఎందుకు జరిగిందో ఆమెకే తెలియదనుకుంటాను. మూడోసారి పిలవబోతుంటే నేనే అందుకుని, "పిలువకు తమ్మీ, ఆయన లేడు" అని గట్టిగా అరిచాను. అందరూ నావైపు తిరిగి చూశారు. పోయినవాళ్ల పేరు మూడుసార్లు పిలవడం నాకు పడదు. ఎందుకు పడదో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఒక్క మా చిన్నత్తకు తప్ప.

ఎవరైనా అడిగితే మాది షోలాపూర్ అనే చెబుతాం. నిజానికి మాది షోలాపూర్‌కు ఉత్తరాన, పట్నం అయిపోయాక వచ్చే ఒక చిన్న పల్లె. పట్నంలోని భవాని పేట్‌లో మగ్గాలకు జాగా చాలని రోజుల్లో, ఆ పల్లె అంచున తెలుగు నేతగాళ్లమైన మావాళ్లకు బారుగా ఇళ్లు కట్టించారు. నీలం నగర్‌లో, అశోక్ చౌక్ పక్కల ఉన్న మా చుట్టాలంతా పట్నం లెక్కలోకి వచ్చారు. మేం మాత్రం గ్రామపంచాయతీ కింద ఉండిపోయాం. వాళ్లు మా ఇంటికొస్తే "ఏంది, మీ ఊరికి కరెంటొచ్చిందా" అని ఎకసెక్కాలాడేవాళ్లు. కరెంటు రావడమేమిటి, పగలంతా పవర్‌లూముల చప్పుడుకు పక్కింటి వాళ్ల పోట్లాట కూడా సరిగా వినపడేది కాదు. మంచి పోట్లాటలు ఎన్నో అలా మాకు దక్కకుండా పోయాయి.

పంచాయతీలో మొత్తం ఏడుగురు సభ్యులు. ఐదుగురు ఊళ్లోని మరాఠీ రైతులు, ఇద్దరం మా బారు ఇళ్లవాళ్లం. ఒకరు మా పెద్దమామ, అంటే మా మామగారికి అన్న. రెండోదాన్ని నేను. ఆడవాళ్ల సీటు వచ్చినప్పుడు ఎవరిని నిలబెట్టాలని నాలుగు రోజులు తర్జనభర్జన పడి, చివరకు పెద్దమామ నా పేరు రాయించారు. నా తెలివి చూసి రాయించారని చాలాకాలం మురిసిపోయాను. తరువాత తెలిసింది, నేను నోరెత్తను గనుక రాయించారని. మా ఇళ్లలో పెద్దమామ ముందు కోడలు మాట్లాడదు. తలమీద కొంగు తీయదు, ఎదురుగా కూర్చోదు, ఆయన పేరు నోట పలకదు. అలాంటి మామా కోడలూ ఒకే గదిలో కుర్చీలేసుకుని ఊరి పనులు చూడాలి. దానికి ఆయనే ఉపాయం ఆలోచించారు. నా కుర్చీని ఆయన కుర్చీ పక్కనే వేయించి, గోడవైపు తిప్పించారు.

అలా ఏడాదికి పైగా నేను పంచాయతీ నడిపింది గోడకు వేలాడే ఊరి నక్షా చూస్తూనే. ఏ వాగు ఏ పొలంలో వంపు తిరుగుతుందో ఇప్పటికీ కళ్లు మూసుకుని గీయగలను. సభ్యుల మొహాలు మాత్రం నాకు పెద్దగా తెలియవు, గొంతులు తెలుసు. సర్పంచ్ ప్రతి మాటకు ముందు గొంతు సవరించుకునేవాడు. గ్రామసేవకుడు, అంటే పంచాయతీ రాతకోతలన్నీ చూసే సర్కారు ఉద్యోగి, ముక్కుతో చదివేవాడు. ముందు హాజరు పిలుపు. తరువాత ఠరావు, అంటే తీర్మానం, మరాఠీలో చదవడం. చదివాక "హరకత్ ఆహే కా?" అని మూడుసార్లు అడగడం. అభ్యంతరం ఉందా అని. మూడుసార్లూ ఎవరూ పలక్కపోతే ఠరావు మంజూరు. అభ్యంతరం ఉంటే పెద్దమామ మూడోసారి దాకా ఆగి, అప్పుడు "ఆహే" అనేవారు. ఉంది అని. అంతే, ఒక్క మాట. మొదట్లోనే అనొచ్చు కదా అంటే, ఎదుటివాళ్లు అయిపోయిందనుకుని ఊపిరి వదిలాక అంటేనే రుచి అనేవారట. ఆయన ఆహే అన్నప్పుడల్లా గ్రామసేవకుడు రెండు పేర్లు రాసేవాడు, ఆయనదీ నాదీ. నా అభిప్రాయం కూడా ఆయన గొంతులోనే ఉండేది. అందులో నాకేమీ తప్పు కనపడలేదు, పైగా హాయిగా ఉండేది.

ఆ ఏడు ఎండాకాలం చివర పెద్దమామ పోయారు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవారు మళ్లీ లేవలేదు. పదకొండో రోజు అయ్యాక వారానికి పంచాయతీ సభ. నేను వెళ్లి నా కుర్చీలో నక్షా వైపు తిరిగి కూర్చున్నాను. తలమీద కొంగు కూడా కప్పుకుని ఉన్నాను. ఆయన లేరు కదా, కుర్చీ తిప్పుకోవచ్చని నాకు తోచనే లేదు. గ్రామసేవకుడు హాజరు పిలుస్తూ పెద్దమామ పేరు కూడా పిలిచాడు. తహసీల్ నుంచి సీటు ఖాళీ అయిందని కాయితం వచ్చేదాకా పేరు కొట్టేయడానికి వీల్లేదట. కాయితం లెక్కలో ఆయన పోలేదు, ఆ పూట రాలేదంతే. గైర్‌హాజరని రాసుకున్నాడు. అలవాటు కొద్దీ శిపాయి, అంటే పంచాయతీ బంట్రోతు, ఏడు కప్పుల చాయ్ తెచ్చి, ఒకటి ఆ ఖాళీ కుర్చీ ముందు పెట్టి, పెట్టాక తెలిసి, తీయడానికి భయపడి అలాగే వదిలేశాడు. సభ నడిచినంతసేపూ నా ఎడమ చేతివైపు ఆ చాయ్ వాసన వస్తూనే ఉంది. నక్షా మీంచి చూపు తిప్పలేదు నేను.

నెల తిరిగింది. వానలు మొదలయ్యాయి. రెండో సభ రోజు మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడి గదిలో దీపం వేశారు. వచ్చింది ముగ్గురమే. సర్పంచ్, ఆయన మనిషి ఒకడు, నేను. ఒక సభ్యుడు పండరీపురం యాత్రకు నడిచి వెళ్లాడు, ఒకాయనకు జ్వరం, ఇంకొకాయన నల్లా విషయంలో సర్పంచ్ మీద అలిగి రాలేదు. కనీసం నలుగురుంటే తప్ప సభ చెల్లదు. ఆ నెల దాటితే పైనుంచి రావలసిన మంజూరు సొమ్ము రాదని సర్పంచ్ తొందరపడుతున్నాడు. కాసేపు గుసగుసలాడుకున్నారు. తహసీల్ కాయితం ఇంకా రాలేదు కదా అని సర్పంచ్ అడిగాడు. రాలేదన్నాడు గ్రామసేవకుడు. "మగ్ హజర్ లిహా" అన్నాడు సర్పంచ్. అయితే హాజరని రాసెయ్యండి అని. హాజరు రాస్తే సంతకం కావాలి. పెద్దమామ సంతకం తెలుగులో ఉండేది. ఆ గదిలో తెలుగు అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

"వహినీ, సహీ తుమ్హీచ్ కరా" అంటూ పుస్తకం నా ఒళ్లోకి తెచ్చి పెట్టారు. వదినా, సంతకం మీరే చేసెయ్యండి అని. అది ఏ ఠరావు అని నేను అడగలేదు. నల్లా పైపు పనే అయి ఉంటుందనుకున్నాను. అసలు ఎవరేం చెప్పినా ఎదురు చెప్పడం నాకెప్పుడూ అలవాటు లేదు. పెన్ను తీసుకుని ఆయన పేరు రాయడం మొదలుపెట్టాను. కాపురానికి వచ్చిన ఇరవై రెండేళ్లలో ఆ పేరు నేను పలికి ఎరగను. నోట్లో అనుకుని కూడా ఎరగను. ఇప్పుడు ఒక్కొక్క అక్షరమే దిద్దుతుంటే, లోపలి గదిలో పడుకున్న మనిషిని చెయ్యిపట్టి లేపుతున్నట్టు అనిపించింది. చివరి అక్షరం పూర్తయ్యేసరికి పక్కనున్న నవారు కుర్చీ కిర్రుమంది. వానగాలికి చెక్క బిగుసుకుంటే అలా చప్పుడవుతుందని మా ఆయన ఒకసారి మా ఇంటి మంచం గురించి అన్నాడు. అయి ఉండొచ్చు.

అప్పుడు ఠరావు చదివారు. మా ఇళ్ల మధ్య ఉన్న పడుగుల జాగాలో దుకాణాల గదులు కట్టాలని. మగ్గం ఎక్కించే ముందు నిలువు దారాలను బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. దానికి ఇంటి ముందు వాకిలి చాలదు, పొడుగాటి ఖాళీ నేల కావాలి. పవర్‌లూములవాళ్లకు ఆ అవసరం లేదు. మా బారు ఇళ్లలో అప్పటికి చేతిమగ్గం మిగిలింది ఒక్క చిన్నత్తకే. పెద్దమామకు చెల్లెలు ఆవిడ, మా ఆయనకు మేనత్త. మొగుడు పోయి, పిల్లలు లేక, ఆ మగ్గం మీదే బతుకుతోంది. ఆ జాగా పోతే ఆవిడ మగ్గం పొయ్యిలోకి కట్టెలే. సభ చెల్లేలా సంతకం పెట్టింది నేను.

"హరకత్ ఆహే కా?" అని గ్రామసేవకుడు ముక్కుతో అడిగాడు. లేవాలనుకున్నాను. లేవలేదు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. బారు ఇళ్లలోని పవర్‌లూములన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మా వైపు పుట్టి పెరిగినవాళ్లకే తెలుస్తుంది ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో. చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది. ఆ చీకట్లో రెండోసారి అడిగాడు. చెప్పాలనుకుంటున్నాను, కానీ పక్కన పెద్దమామ కుర్చీ ఉంది, ఆయన ముందు నేనెలా మాట్లాడతాను? నిజంగానే అలా అనుకున్నాను, ఆ కుర్చీ ఖాళీ అన్న సంగతే గుర్తు లేనట్టు. మూడోసారి అడిగాడు. సర్పంచ్ ఊపిరి వదలడం వినపడింది.

"ఆహే."

ఆ గొంతు పెద్దమామదే. ఏడాది పాటు మొహాలు చూడకుండా గొంతులే విన్నదాన్ని, నాకు పొరపాటు ఉండదు. పొగాకు నమిలే మనిషి గొంతు, చివర కాస్త సాగదీసే ఆహే. గ్రామసేవకుడి పెన్ను అలవాటు కొద్దీ గరగరా రాసేసింది. రాసి ఆగింది. "కోణ్ బోల్లం?" అన్నాడు సర్పంచ్, ఎవరన్నారు అని. శిపాయి అగ్గిపుల్ల గీశాడు. అందరూ ఆ కుర్చీనే చూస్తున్నారు. నేనూ మొదటిసారి నక్షా మీంచి తల తిప్పి చూశాను. కుర్చీలో ఎవరూ లేరు.

పుస్తకంలో మాత్రం అభ్యంతరం చెప్పినవాళ్లు ఇద్దరని, ఆయన పేరూ నా పేరూ చేరిపోయాయి. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. అంకెలు వేసిన పుస్తకంలో పేజీ చించడానికి లేదు. ఆ మనిషి చచ్చిపోయాడు, ఆయన మాట చెల్లదు అందామంటే, మరి హాజరు ఎలా రాశారన్న ప్రశ్న వస్తుంది, అసలు సభే చెల్లదు. సరిసమానమైనప్పుడు సర్పంచ్ ఇంకో ఓటు వేయొచ్చని నాకు తరువాత తెలిసింది. ఆ పూట ఆయన ఆ ఊసే ఎత్తలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వానలోనే వెళ్లిపోయాడు. నెల దాటింది, మంజూరు పక్క ఊరికి పోయింది. తహసీల్ కాయితం ఆ తరువాత వారానికి వచ్చింది.

మర్నాడు వాన వెలిసింది. తెల్లవారుతుండగా చిన్నత్త పడుగుల జాగాలో దారాలు సాగదీస్తోంది. రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేక గూటానికి కట్టుకుంటోంది. నేను వెళ్లి కొస పట్టుకుని, జరిగిందంతా చెప్పాను. సంతకం సంగతి కూడా దాచలేదు. తిడుతుందనుకున్నాను. చిన్నత్త దారాల మీంచి గంజి కుంచె పైకెత్తింది.

"అన్న గట్ల అనడు బిడ్డ" అంది.

"నా చెవులతోని విన్న అత్తా."

"నీకు తెల్వది. జాగ ఇద్దామని అన్న ముందుగాలనే సర్పంచ్‌కు మాటిచ్చిండు. దుకాణం గాళాలు కట్టినంక ఒకటి మనోళ్లకు ఇస్తమన్నరంట. నాకాడికొచ్చి జెప్పిండు. మగ్గం ఇగ బంద్ జెయ్యి, ముసల్దానివైనవ్ అన్నడు. నేను నోటికొచ్చినట్టు తిట్టిన. పది దినాలు మాట్లాడలే మా అన్నతోని. గట్లనే పాయె."

ఆవిడ ఏడవలేదు. కుంచెలోంచి గంజి చుక్కలు చుక్కలుగా కాళ్ల మీద పడుతోంది. రాత్రి నుంచి నాకు గొంతు నొప్పిగా ఉంది. మగవాడి గొంతుతో ఒక్కసారి గట్టిగా అరిస్తే ఎలా మండుతుందో అలా మండుతోంది. ఆ మాట మాత్రం ఆవిడకు చెప్పలేదు.

"ఖరం జెప్పు" అంది నా మొహంలోకి చూస్తూ, నిజం చెప్పమని. "గొంతు మా అన్నదేనా?"

"ఆయనదే" అన్నాను.

చిన్నత్త తల ఊపి, వంగి, ఆ కొస నుంచి ఈ కొసకు దారాలు దువ్వుకుంటూ వచ్చింది. ఆ తరువాత ఇంకో ఆరేళ్లు అదే జాగాలో పడుగు వేసింది. అన్న మీద కోపం మాట మళ్లీ ఎత్తలేదు. ప్రతిసారీ రెండో కొస నేనే పట్టుకున్నాను. నాకు కుర్చీ తిప్పుకుని కూర్చోవడం అలవాటైంది, మాట్లాడటమూ అలవాటైంది, ఇప్పుడు నోరు మూసుకోమని ఇంట్లోవాళ్లే బతిమాలుతారు. అయినా ఆ రోజు ఆహే అన్నది ఎవరో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. మనిషి పోవడానికీ, పోయినట్టు కాయితం రావడానికీ మధ్య కొంత కాలం ఉంటుంది. అది బతికినవాళ్లదో పోయినవాళ్లదో నాకు తెలియదు గానీ, ఒక అన్న చెల్లెలి విషయంలో మనసు మార్చుకోవడానికి మాత్రం సరిపోయింది.